ఒక్క ఫోను చుట్టూ ఎనిమిది మంది

(అంబేద్కర్ యువజన సంఘాల కార్యకర్తల శిక్షణా శిబిరంలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగం ఇది. మాట్లాడిన తీరులోనే ఇస్తున్నాం.)

 

నన్ను చదువు గురించి మాట్లాడమన్నారు. చదువు గొప్పదని చెప్పడానికి నేను రాలేదు. కూలిడబ్బుల్లోంచి పిల్లల ఫీజు కట్టే తల్లికి చదువు విలువ ఇంకొకడు చెప్పాలా? నేను చెప్పేది చిన్న సంగతి. ఫోనులో వచ్చే చదువుని, అదే ఆన్‌లైన్ కోర్సుని, వాడలో నలుగురం కలిసి ఎట్లా చదవాలి, చివరిదాకా ఎట్లా నిలబడాలి అని.

ముందు మేం చేసిన తప్పు చెప్తాను. రెండేళ్ళ కింద జనవరిలో మా వాడ నుంచి తొమ్మిదిమందిని 12 వారాల ఇంగ్లీషు కోర్సులో చేర్పించాను. అందులో ఒక చెల్లెలు వుంది. ఇంటరు అయింది, పెళ్ళయింది, చంకన బిడ్డ. నాలుగు వారాలు అందరికంటే ముందొచ్చి కూచుంది. అయిదో వారం మిరపకోతలు ముమ్మరమైనయి. మూడు వారాలు రాలేదు. ఆ తర్వాత ఇక రానేలేదు. మేమేమనుకున్నాం? "పెళ్ళయిన పిల్ల, సంసారం, ఇంకేం చదువుతుందిలే" అనుకుని మా దారిన మేం పోయాం.

పరీక్షలు అయిపోయినాక తీరిగ్గా ఆ కోర్సు నియమాలు చదివాను. 12 వారాలకి 12 అసైన్‌మెంట్లు. అందులో ఎక్కువ మార్కులొచ్చిన 8 మాత్రమే లెక్కలోకి తీసుకుంటారట. అంటే నాలుగు వారాలు పోయినా ఏమీ పోనట్టే. ఆ చెల్లెలికి పోయింది మూడే. పోయి చెప్పాను. "అప్పుడే ఒక్క మాట చెప్పివుంటే వచ్చేదాన్ని గదన్నా" అంది. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

మిత్రులారా, ఆ చెల్లెలు చదువు మానలేదు. నియమం చదవకుండా, ఇంటికి పోయి అడక్కుండా మేమే మానిపించాం. ఇవ్వాళ నేను చెప్పేదంతా ఆ తప్పులోంచి నేర్చుకున్నదే.

మనకి చదువు ఎప్పుడూ ఒంటరిగా రాలేదు. 1848లో పూనాలో ఫూలే, సావిత్రిబాయి ఆడపిల్లలకు బడి పెట్టారు. 1910లో హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ మన పిల్లలకు బడి తెరిచాడు. 1945లో బాబాసాహెబ్ పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ స్థాపించాడు. 1982లో మన రాష్ట్రంలో సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది, దేశంలో అదే మొదటిది. 1991లో దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది, అక్కడిదే. పుస్తకాలు ఇంటికే వచ్చేయి. అయినా ఆదివారం తరగతులకి కలిసి పోయినవాళ్ళమే గట్టెక్కాం. ఇంట్లో ఒక్కళ్ళే చదువుకుంటామన్నవాళ్ళ పుస్తకాలు అటకెక్కినయి.

ఆన్‌లైన్ కోర్సు చేసేవాళ్ళు మనల్ని చూసి చెయ్యలేదు. చదివేవాడికి ఒక గది, ఒక కంప్యూటరు, తెగని ఇంటర్నెట్టు, చిన్నప్పట్నుంచీ ఇంగ్లీషు వున్నయ్యనుకుని చేశారు. లేనివాడి గతేంటి? 2020 జూన్ 1న కేరళలో ఆన్‌లైన్ తరగతులు మొదలైన రోజే, మలప్పురం జిల్లాలో బడికి పోయే ఒక దళిత బిడ్డ ప్రాణం తీసుకుంది. ఇంట్లో టీవీ పాడైపోయింది, స్మార్ట్‌ఫోను లేదు. ఆ బిడ్డకి తెలివి తక్కువై కాదు. ఆమె ఒంటరిదైంది. అందుకే అంటున్నా, గుంపు కట్టడం మనకి సరదా కాదు, అవసరం.

ఇక పనిలోకి వద్దాం.

మొదటిది, కోర్సు ఎంచుకోవడం. కేంద్ర ప్రభుత్వానిది 'స్వయం' అని 2017లో మొదలైంది. అందులో ఐఐటీలవాళ్ళు నడిపే ఎన్‌పీటీఈఎల్ కోర్సులు కూడా వుంటాయి. చేరడానికి, చదవడానికి పైసా కట్టక్కర్లేదు. సర్టిఫికెట్టు కావాలంటేనే పరీక్షకి రుసుము. చేరేముందు నియమాల పేజీ ఒకరు బిగ్గరగా చదవాలి, మిగతావాళ్ళు వినాలి. ఎన్ని వారాలు? చేరడానికి ఆఖరు తేదీ ఎప్పుడు? పరీక్ష రుసుముకి గడువెప్పుడు? చేరే గడువు వేరు, పరీక్షకి రిజిస్టరు చేసుకునే గడువు వేరు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఎన్‌పీటీఈఎల్‌లో అసైన్‌మెంట్లకి 25, పరీక్షకి 75 మార్కులు. సర్టిఫికెట్టు రావాలంటే అందులో 10, ఇందులో 30 తెచ్చుకోవాలి. రెంటిలో ఏది తగ్గినా రాదు. ఎస్సీ, ఎస్టీలకు పరీక్ష రుసుములో రాయితీ వుంది. కులధ్రువీకరణ పత్రం ముందే దగ్గర పెట్టుకోండి. అది మనకెవరో పెట్టిన భిక్ష కాదు, అడిగి తీసుకోండి.

డిగ్రీ చదివే తమ్ముళ్ళకు ఇంకోమాట. 2021 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరు కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చదవడానికి కాలేజీ ఒప్పుకోవచ్చు. అయితే ఏ కోర్సుకి ఒప్పుకుంటారో మీ కాలేజీలో ముందే అడిగి, కాగితం మీద రాయించుకోండి.

రెండోది, పేరు నమోదు. ఎవరి ఈమెయిలు వాళ్ళదే, ఎవరి పాస్‌వర్డు వాళ్ళదే. గుంపు కదా అని ఒక్క పేరుతో చేరితే సర్టిఫికెట్టు ఒక్కళ్ళకే వస్తుంది. పేరు పదో తరగతి మెమోలో ఎట్లా వుందో అక్షరం పొల్లుపోకుండా అట్లాగే కొట్టండి. నాకు తెలిసిన ఒక కుర్రాడు నెట్ సెంటరులో చేరాడు. అక్కడి మనిషి తన ఫోను నెంబరు, తనకి తోచిన పాస్‌వర్డు పెట్టాడు. నెల తిరిగేసరికి ఆ షాపు ఎత్తేశారు. కోర్సు వుంది, తాళంచెవి లేదు. కాబట్టి పాస్‌వర్డు మీ నోటుపుస్తకంలో మీరే రాసుకోండి. ఓటీపీ ఎవడడిగినా చెప్పొద్దు. డబ్బులిస్తే చదవకుండానే సర్టిఫికెట్టు ఇప్పిస్తానని ఎవడన్నా వస్తే వాడు దొంగ.

మూడోది, కూర్చోవడం. ఆరుగురు, మహా అయితే ఎనిమిదిమంది. అంతకు మించితే ఫోను కనపడదు, ఇంకో గుంపు కట్టండి. చోటు మన అంబేద్కర్ భవనమో, బడి వరండానో. మనం గుమ్మం బయట నిలబడాల్సిన చోటుకి పోవద్దు. వారానికి రెండు రోజులు, కూలిపని ముగిసి ఇంత తిన్నాక గంటన్నర. సిగ్నలున్న చోటికి పోయి ఒకరు పాఠాలు ముందే దించి పెట్టాలి. బొమ్మ నాణ్యత తగ్గించి దించితే డేటా తక్కువ తింటుంది. వేగం తగ్గించి వినండి, కింద అక్షరాలు పెట్టుకోండి. పది నిమిషాలకొకసారి ఆపండి. ఒకరు లేచి, విన్నది మన తెలుగులో చెప్పాలి. చెప్పలేకపోతే సిగ్గుపడక్కర్లేదు, వెనక్కి తిప్పి మళ్ళీ వినాలి. రోజూ ఒకడే చెప్పకూడదు. వాడు పంతులై కూచుంటాడు, మిగతావాళ్ళు వెనకబెంచీ అవుతారు. వెనకబెంచీ ఎట్లా వుంటుందో మనకొకరు చెప్పాలా?

నాలుగోది, పనులు పంచుకోవడం. ఫోను పట్టేది ఒకరు, గోడ మీద సుద్దతో గడువు తేదీలు రాసేది ఒకరు, నోట్సు రాసేది ఒకరు, రానివాళ్ళ ఇంటికి పోయేది ఒకరు. ప్రతివారం ఈ పనులు చేతులు మారాలి. ముఖ్యంగా ఫోను. మగపిల్లల చేతిలోనే ఫోను తిరిగితే ఆడపిల్లలు చూసేవాళ్ళుగా మిగిలిపోతారు. ముందు చెల్లెళ్ళ చేతికివ్వండి. చంటిబిడ్డ వుంటే ఎత్తుకోవడం కూడా గుంపు పనే, అన్నదమ్ములు కూడా ఎత్తుకోండి. చీకటిపడితే ఇంటిదాకా దిగబెట్టండి.

అయిదోది, అసైన్‌మెంటు. పాఠం మీద ఎంతైనా చర్చించండి, కొట్లాడండి. మార్కులుండే ప్రశ్నలకి మాత్రం ఎవరి జవాబు వాళ్ళు పెట్టాలి. ఒకడు చేసింది ఏడుగురు ఎక్కిస్తే అది ఐకమత్యం కాదు. పరీక్ష హాల్లో ఎవరి కంప్యూటరు ముందు వాళ్ళే కూచోవాలి. అక్కడ ఆ ఒక్కడూ పక్కనుండడు. గడువు రోజు అర్ధరాత్రి దాకా ఆగొద్దు, కరెంటు మనల్ని అడిగి పోదు. రెండు రోజులు ముందే పంపెయ్యండి.

ఆరోది, పరీక్ష. వారానికి తలా ఇంత అని మొదటిరోజు నుంచే డబ్బా పెట్టండి. రుసుము, బస్సు చార్జీ అందులోంచే. పరీక్ష పట్నంలో వుంటుంది. హాల్‌టికెట్టు, గుర్తింపు కార్డు చూసుకుని అందరూ కలిసి పోండి, కలిసి రండి.

చివరిది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. మన పనులకీ కోర్సు క్యాలెండరుకీ పొత్తు కుదరదు. జనవరిలో మొదలయ్యే కోర్సు సరిగ్గా మిరపకోతల్లోకొస్తుంది. కాబట్టి ఏ నెలలో ఎవరికి ఏ పనో మొదటిరోజే రాసుకోండి. ఎన్ని వారాలు పోయినా ఫరవాలేదో లెక్కకట్టి గోడ మీద పెద్దక్షరాలతో రాయండి. ఒక మనిషి రెండుసార్లు రాలేదంటే మూడోసారి గుంపే ఆ ఇంటికి పోవాలి. "ఎందుకు రాలేదు" అని నిలదియ్యడానికి కాదు. "ఇంకా టైముంది, రా" అని చెప్పడానికి.

నిరుడు జూలైలో మళ్ళీ గుంపు కట్టాం. ఆ చెల్లెలు మళ్ళీ వచ్చింది. ఈసారి గోడ మీద తేదీలు రాసే పని ఆమె అడిగి తీసుకుంది. సర్టిఫికెట్టు వచ్చింది. దానితో వుద్యోగం వచ్చిందని నేను అబద్ధం చెప్పను, ఇంకా రాలేదు. కానీ ఈ జనవరిలో రెండో గుంపుని నడిపింది ఆమే. కోతలప్పుడు రాని ఇద్దరి ఇళ్ళకి, చేలోంచి వస్తూ వస్తూ, కారం ఘాటు చేతుల్తోనే పోయింది. ఇద్దరూ తిరిగొచ్చారు.

మీ వూళ్ళకి పోయాక ఎంతమందిని చేర్పించారని నేను అడగను. ఎంతమందిని మధ్యలో వదిలేశారని అడుగుతాను.

జై భీమ్!