కెమెరా బ్యాటరీ ఎక్కువసేపు నిలవాలంటే

డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగి మంచును ఫొటో తీద్దామని ఎంతోమంది తెల్లవారుజామునే బయల్దేరతారు. సరిగ్గా సూర్యుడు తొంగిచూసే వేళకు కెమెరాలో బ్యాటరీ గుర్తు ఎర్రగా మిణుకుమంటుంది. పాడైందని కంగారు పడకండి. చలికి లిథియం అయాన్ బ్యాటరీ లోపలి రసాయన చర్య మందగిస్తుంది, అంతే. దాన్ని తీసి చొక్కా లోపలి జేబులో కాసేపు ఉంచండి. ఒంటి వెచ్చదనానికి మళ్లీ కొంత పుంజుకుంటుంది. అదనపు బ్యాటరీ ఉంటే మొదటినుంచీ ఆ జేబులోనే పెట్టుకోండి.

ఛార్జిని బాగా తాగేసేది వెనకున్న తెర. తీసిన ప్రతి ఫొటోనూ అక్కడికక్కడే తిప్పి తిప్పి చూసుకోవడం మానితే ఎంతో మిగులుతుంది. డీఎస్‌ఎల్‌ఆర్ ఉన్నవారు తెర ఆపేసి, కన్ను ఆనించి చూసే కిటికీలోంచే తీయండి. మిర్రర్‌లెస్ కెమెరాలో ఆ కిటికీ కూడా చిన్న తెరే. అందుకే ఫొటోకీ ఫొటోకీ మధ్య స్విచ్ ఆపేయాలి. వైఫై, ఫ్లాష్ అవసరమైతేనే.

చలి ఇబ్బంది తాత్కాలికం. అసలు శత్రువు వేడి. మే నెల ఎండలో నిలిపిన కారులో కెమెరా వదిలేస్తే బ్యాటరీ ఆయుష్షే తరిగిపోతుంది. నెలల తరబడి వాడనప్పుడు సుమారు సగం ఛార్జితో, కెమెరాలోంచి తీసి, చల్లని పొడి చోట దాచండి. ఉబ్బిన బ్యాటరీని మాత్రం ఒక్క పూట కూడా వాడకండి.