జ్వరం దిగాక మిగిలేది



మెదడువాపు అనగానే మనకు దోమా, పందీ, వరిమడీ గుర్తొస్తాయి. కర్నూలు, అనంతపురం పిల్లల వార్డుల్లో ఆ జబ్బు చూసిన సీనియర్లు ఈ సభలోనే ఉన్నారు. నేను మాట్లాడబోయేది అదే వైరస్ కుటుంబంలోదే గానీ, పిడుదు కాటుతో వచ్చేది. మధ్య యూరప్ నుంచి రష్యా తూర్పు కొస దాకా అడవుల్లో ఉంటుంది. మనకెందుకంటారేమో! దాని దాయాది పక్కింట్లోనే ఉంది. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపడుతుంటే, పుణె వైరస్ పరిశోధన కేంద్రం వాళ్లు వెళ్లి పట్టుకున్న వైరస్ ఈ కోవదే. జ్వరం తగ్గిందనుకున్న వాళ్లలో కొందరికి మళ్లీ వచ్చి తలనొప్పి, మెడ బిగుసుకోవడం, మతి తప్పడం అక్కడా ఉంది.

యూరప్ జబ్బుదీ అదే నడక. పిడుదు కుట్టినట్టు చాలామందికి తెలియనే తెలియదు. కుట్టకపోయినా, కాచని మేకపాలతోనూ వస్తుంది. ఒకటి రెండు వారాల తర్వాత నాలుగు రోజులు జ్వరం. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. రక్తంలో వైరస్ దొరికేది అప్పుడే. తర్వాత వారం రోజులు రోగి హాయిగా తిరుగుతాడు. రెండో జ్వరంతో మన దగ్గరికొచ్చేసరికి రక్తంలో వైరస్ సాధారణంగా ఉండదు, ఐజీఎం, ఐజీజీ యాంటీబాడీలు మాత్రం ఉంటాయి. ఆ దశలో రక్తానికి పీసీఆర్ చేసి నెగెటివ్ వచ్చిందని ఊరుకునే జూనియర్లు ఇది రాసుకోండి.

మరి అప్పుడు మెదడుని దెబ్బతీస్తున్నదెవరు? వైరస్ నాడీకణాల్లోకి దూరి చంపుతుంది, అందులో అనుమానం లేదు. కానీ చనిపోయినవాళ్ల మెదడు కణజాలం పరీక్షించినప్పుడు, నాడీకణాల చుట్టూ మన సీడీ8 టీ కణాలు, కణాల్ని చంపే గ్రాంజైమ్‌తో సహా కనిపించాయి. సీడీ8 కణాలు లేని ఎలుకలు మామూలు ఎలుకల కంటే ఎక్కువ రోజులు బతికాయని చెక్ పరిశోధకులు 2009లో చూపించారు. అలాగని రోగనిరోధక శక్తిని అణిచేద్దామా? పోలండ్‌లో ఒకే దాత అవయవాలు పెట్టించుకుని, దాన్ని అణిచే మందులు వాడుతున్న ముగ్గురికి ఈ వైరస్ సోకి ముగ్గురూ చనిపోయారు. ఆ శక్తి ఎంత కావాలి, ఎప్పుడాగాలి అన్నది ఇంకా ఎవరి చేతుల్లోనూ లేదు. స్టెరాయిడ్ల వల్ల మేలు జరుగుతుందని రుజువు కాలేదు. అయినా రాస్తూనే ఉంటాం. రోగి బంధువులు గుమ్మంలో నిలబడి ఉంటే ఏదో ఒకటి రాయకుండా ఉండటం కష్టమే.

1937లో వైరస్ శాస్త్రవేత్త లెవ్ జిల్బెర్ బృందం సోవియట్ తూర్పు అడవులకెళ్లి ఈ వైరస్‌ను పట్టుకుంది. ఆ పనిలోనే 27 ఏళ్ల మిఖాయిల్ చుమకోవ్‌కు జబ్బు సోకింది. వినికిడి బాగా దెబ్బతింది, కుడి చెయ్యి చచ్చుబడింది. ఆయన ఆ చేతితోనే మాస్కోలో పోలియో సంస్థ నడిపి, సేబిన్ చుక్కల మందును కోట్ల మందికి అందించి 1993 దాకా బతికాడు. మన డిశ్చార్జి పుస్తకంలో ఆయన్ని ఏమని రాసేవాళ్లం? ‘కోలుకున్నాడు’ అనే.

నా ఫిర్యాదు ఇక్కడే. యూరప్ రకంలో చనిపోయేది నూటికి ఒకరిద్దరు. కానీ మూడోవంతు మందికి, కొన్ని లెక్కల్లో అంతకన్నా ఎక్కువమందికి, నెలలు, ఏళ్లు గడిచినా నీరసం, మతిమరుపు, తల తిరగడం పోవు. భుజం పైకెత్తలేనివాళ్లూ ఉంటారు. మనం వాడే రాంకిన్ స్కేలు చూడండి: ఇబ్బందులున్నా పనులు చేసుకుంటుంటే 1 వేస్తాం. అలాంటి ఒక దుకాణదారు ఉన్నాడనుకోండి: దుకాణం తెరుస్తాడు, కూర్చుంటాడు. చిల్లర లెక్క రెండోసారి అడిగితే తడబడతాడు, సాయంత్రం రద్దీ మాటల హోరు భరించలేక షట్టర్ దించేస్తాడు. ఆయనకీ 1 మార్కే. పిల్లల్లో ఇది ఇంకా దొంగ వ్యవహారం. ఆడుకుంటున్నాడు కదా అనుకుంటాం; తేడా క్లాస్‌టీచర్‌కి ముందు తెలుస్తుంది.



అందుకే మధ్యాహ్నం గోష్ఠిలో పత్రాలు చదివేవాళ్లకి ఒక షరతు పెట్టాను. డిశ్చార్జి నాటి పరిస్థితి ఒక్క స్లైడు చాలు. ఏడాది తర్వాత ఆ రోగిని పిలిచి, జ్ఞాపకశక్తి, వినికిడి, భుజాల బలం పరీక్షించిన వివరాలుంటే పది నిమిషాలిస్తాం, లేకపోతే అయిదే. గంట నా దగ్గరే ఉంటుంది.