కొయ్యకు ఆవిరి వన్నె

నేటి మా ప్రసంగమునకు మూలము ఒక బల్లకాలు.

బాలాపూరులో మా మేనమామగారి యింట పాత వ్రాతబల్ల యొకటి కలదు. దొరల కాలమున సికిందరాబాదు కంటోన్మెంటులో ఏ యధికారి యింటనో ఉండి, వేలములలో చేతులు మారి, తుదకు ఆ యిల్లు చేరినది. అది టేకు కాదు, ఓక్ కొయ్య. ఓక్ చెట్టు మన తెలుగునేలపై సహజముగా పెరుగదు. హిమాలయ సానువులలో దాని జాతులు కొన్ని యున్నవి. బల్లలకు పేరుపడిన తెల్ల ఓక్ ఐరోపా, అమెరికా ఖండములది. ఆ బల్లకాలొకటి చెదపురుగుల పాలయ్యెను. నగరములోని యొక అడితిలో విదేశపు ఓక్ ముక్క దొరకగా వడ్రంగి దానిని చక్కగా చిత్రికపట్టి, కొత్తకాలు చేసి అతికినాడు. పనితనమునకు వంక పెట్టుటకు లేదు. వన్నె మాత్రము కలియలేదు. మూడు కాళ్లు ముదురు తేనెరంగు, నాలుగవది గోధుమగడ్డి రంగు! రెండుసార్లు రంగునీళ్లు పూయించితిమి. పూత నారలలో చారలుగా నిలిచినదే కాని పాతకాలి వన్నె రాలేదు. అప్పుడా వడ్రంగి అన్న మాట మాకిప్పటికిని జ్ఞాపకమున్నది: "సారూ, గిది పూస్తే వచ్చే రంగు గాదు. కట్టె లోపట్కెల్లి వచ్చిన రంగు."

ఆ మాట అక్షరాల నిజము. కొయ్య లోపలి నుండి వన్నె రప్పించు పద్ధతి యొకటి కలదు. ఓక్ కొయ్యను అమోనియా ఆవిరిలో నుంచుటయే ఆ పద్ధతి. అమెరికాలో గుస్తావ్ స్టిక్లీ అను బల్లల నిర్మాత 20వ శతాబ్ది ప్రారంభమున దీనికి మిక్కిలి ప్రచారము తెచ్చెను. 1901 నుండి 1916 వరకు వెలువడిన ఆయన పత్రిక 'ది క్రాఫ్ట్స్‌మన్' ఈ తీరు సామానులను ఇంటింటికి పరిచయము చేసినది. గుఱ్ఱపుసాలలలోని ఓక్ దూలములు గుఱ్ఱముల మూత్రపు ఆవిరికి నల్లబడుట చూచి ఎవరో దీనిని కనుగొనిరని ఒక కథ చెప్పుదురు. కథ సంగతి యెట్లున్నను, అందలి రసాయనము మాత్రము సరియైనదే.

అమోనియా మనకు క్రొత్తది కాదు. కళాయి పూయువాడు వాడు నవాసారమును తడిసున్నముతో కలిపి అరచేతిలో నలిపినచో ముక్కుపుటములను అదరగొట్టు ఘాటు ఒకటి లేచునే, అదియే అమోనియా. ఇంజనీర్ల కార్యాలయములలో ఇండ్ల నమూనాలకు ప్రతులు తీయు గదులలో ఒకప్పుడు గుప్పుమన్న వాసనయు అదియే.

ఇక కొయ్యలోని రెండవ ద్రవ్యము టానిను, అనగా మన భాషలో వగరు. కరక్కాయ కొరికినపుడు నాలుక పట్టుకొనిపోవునది ఈ వగరే. ఓక్ చేవలో వగరు సమృద్ధిగా నుండును. అమోనియా కొయ్య రంధ్రములలోనికి చొచ్చి అచ్చట క్షారగుణమును కలిగించును; అప్పుడు గాలిలోని ప్రాణవాయువు వగరును త్వరగా మార్చి గోధుమవన్నె పుట్టించును. కోసిన వంకాయ గాలి సోకి నల్లబడుటకు ఇది దూరపు చుట్టము. పూత పైననే నిలుచును, ఆవిరి కొంత లోతునకు పోవును. కావున గీత పడినను లోపలి తెలుపు వెంటనే బయటపడదు. నీటి తడి లేదు గనుక నారలు లేవవు, గీతల సొగసు మరుగుపడదు. వడ్రంగి కోరినది సరిగా ఇదియే.

ఇంతవరకు చదివి మేము తొందరపడితిమి. మా అవివేకమును దాచుకొనుటవలన శ్రోతలకు లాభము లేదు గనుక చెప్పుచున్నాము. కాలును ఊడదీయించి, ఇంటివెనుక సామానుల గదిలో నుంచి, ఒక పళ్లెరములో గాఢమైన అమోనియా పోసి తలుపు మూసితిమి. మరునాటి ఉదయము తలుపు తెరచి, వన్నె యెట్లున్నదో చూతమన్న ఆత్రముతో ముఖము లోనికి పెట్టితిమి. కన్నులు మూతపడినవి, గొంతు బిగిసినది, ఊపిరి లోనికి పోలేదు. గోడ పట్టుకొని వెనుకకు వచ్చితిమి. కన్నులను కుళాయి ధార క్రింద చాలసేపు కడిగినారు. మూడు దినములు దగ్గు వదలలేదు. ఆ గదికి ఆనుకొనియే మేనమామగారి మనుమరాలు నిద్రించు గది యున్నది. ఆ పిల్లకు ఉబ్బసము. ఆ రాత్రి దైవవశమున ఆమె ఊరిలో లేదు. ఈ సంగతి తలచినపుడెల్ల మాకు సిగ్గుగా నుండును.

పిమ్మట కూర్చుండి లెక్క వేసితిమి. లెక్క ముందు వేయవలసినది! నూటికి 25 వంతుల గాఢత గల అమోనియా ద్రవము 100 మిల్లీలీటర్లు, అనగా ఒక చిన్న గ్లాసెడు, పూర్తిగా ఆవిరియైనచో సుమారు 33 లీటర్ల వాయువు పుట్టును. పొడవు వెడల్పు ఎత్తులు మూడేసి మీటర్లుండు గదిలో 27,000 లీటర్ల గాలి పట్టును. అనగా గాలిలో పదిలక్షల వంతులకు 1,200 వంతులు అమోనియా చేరును. పనిచేయు చోట దినమంతయు పీల్చుటకు నిపుణులు పెట్టిన హద్దు 25 వంతులు. 300 వంతులు దాటినచో ప్రాణమునకే ముప్పని వారి నిర్ణయము. మేము గ్లాసెడు కాదు, మూడు గ్లాసులు పోసియుంటిమి.

రెండవసారి చేసినపుడు పద్ధతి అంతయు మార్చితిమి. దానినే వివరించెదము.

మొదటి నియమము: ఈ పని ఇంటిలో చేయరాదు. తలుపు మూసినను, కిటికీ తెరచినను చేయరాదు. పెరటిలో, ఇరుగుపొరుగు కిటికీలకు దూరముగా, చెట్టునీడనో గోడలు లేని పాకలోనో చేయవలెను. వెదురుబద్దలతోనో సన్నని కఱ్ఱలతోనో చట్రము కట్టి, దానిపై మందమైన పాలిథీను గుడ్డ కప్పి చిన్న డేరా వేయవలెను. సామాను పట్టునంత చాలును. డేరా ఎంత చిన్నదైన అంత తక్కువ ద్రవము సరిపోవును. అంచులపై ఇసుక పోసినచో ఆవిరి బయటికి రాదు. పిల్లలును పశువులును అటు పోకుండ కంచె యుండవలెను. ఉబ్బసము గలవారును గర్భవతులును ఆ దరికే రాకుండుట మేలు. దగ్గరలో నిప్పు, చుట్ట, బీడీ పనికిరావు. అమోనియా సులభముగా అంటుకొనదు గాని, గాలిలో నూటికి 15 మొదలు 28 వంతుల వరకు చేరినచో మండగలదు.

కొయ్యపై చేయవలసిన పనియంతయు ముందే ముగియవలెను. గాజు కాగితముతో రుద్దుట, అతుకుల వద్ద పొంగిన జిగురు గీకుట, నూనెమరకలు తుడుచుట ఇవన్నియు ఆవిరికి ముందు పనులు. జిగురున్నచోట ఆవిరి చొరదు. అచ్చట తెల్లమచ్చ మిగులును. ఇనుపమేకులు తడి వగరు తగిలినచో నీలినలుపు మచ్చలు పెట్టును. ఇత్తడి పిడులు, బందులు తప్పక ఊడదీయవలెను. మొదటిసారి మేము మరచిన యిత్తడి పిడి యొకటి మరునాటికి నీలిపచ్చగా మారినది.

ఇత్తడి ప్రస్తావన వచ్చినది గనుక ఒక్క మాట. మన దేశములోనే బ్రిటిషు సైన్యము వానకాలమున తుపాకి తూటాలను గుఱ్ఱపుసాలలలో దాచి, వానలు వెలిసినపిదప చూడగా వాని యిత్తడి తొడుగులు పగుళ్లు తీసియుండెడివి. కారణము చాలకాలము తేలలేదు. తుదకు 1921లో ఇంగ్లండు లోహశాస్త్రజ్ఞులు గుట్టు విప్పిరి. గుఱ్ఱముల మూత్రమునుండి లేచు అమోనియాయును, తొడుగును సాగదీయునపుడు లోహములో మిగిలిన బిగువును కలిసి దానిని చీల్చుచున్నవని వారు నిరూపించిరి. ఓక్ దూలమునకు వన్నె తెచ్చెనని చెప్పుకొను ఆవిరియే ఇత్తడి తూటాను చీల్చినది.

ఇక ద్రవము. గాఢమైన అమోనియా సీసాను మే నెల యెండలో నున్నదానిని నున్నట్లే తెరచుట ప్రమాదము. లోపల ఒత్తిడి పెరిగి ముఖముపైకి చిమ్మును. సీసాను చన్నీళ్ల తొట్టెలో గంటసేపు నుంచి, నీడలో, గాలి మన వీపువైపునుండి వీచుచుండగా, మూతను మెల్లగా వదులుచేయవలెను. కన్నులను నాలుగువైపుల మూయు అద్దములు, రబ్బరు చేతితొడుగులు, అమోనియాకే తయారుచేసిన డబ్బా గల ముఖకవచము ఈ మూడును లేనిచో సీసా ముట్టరాదు. ముక్కునకు తడిగుడ్డ కట్టుకొనుట ఆత్మవంచన. ద్రవము పోయు పాత్ర గాజుదో పింగాణిదో కావలెను. రాగి, ఇత్తడి, అల్యూమినియము తగవు. డేరా మూడువైపుల బిగించి, నాలుగవవైపు పాత్ర నుంచి, చిన్న గ్లాసెడు పోసి, ఊపిరి బిగబట్టి అంచు మూసి దూరముగా రావలెను. ఒక కుర్చీ పట్టు డేరాకు అంతకు మించి అక్కరలేదు.

ఇండ్లు శుభ్రపరచుటకు అమ్ము పలుచని అమోనియా, అనగా నూటికి 5 మొదలు 10 వంతులది, కూడ పని చేయును. దినములు ఎక్కువ పట్టును, వన్నె కొంత లేతగా వచ్చును. మొదటిసారి చేయువారికి మేము దీనినే చెప్పుదుము. అదియైనను బ్లీచింగు పొడితోగాని, ఆ జాతి ద్రవములతోగాని కలియరాదు. ఆ రెండును కలిసి పుట్టు వాయువు అమోనియా కంటె చెడ్డది.

వన్నె యెంత ముదిరినదో తెలిసికొనుట కొక ఉపాయమున్నది. అదే కొయ్య తునకకు దారము కట్టి డేరాలో వేసి, దారపు కొసను ఇసుకక్రిందుగా బయటికి తెచ్చి యుంచవలెను. పన్నెండు గంటలకొకసారి తునకను లాగి, నీటితో తడిపి చూడవలెను. పొడికొయ్య బూడిద కలిసిన మట్టిరంగుగా కనబడి నిరుత్సాహపరచును. తడిపినపుడే, నూనె పట్టించిన పిదప రాబోవు వన్నె తెలియును. సామాన్యముగా ఒక దినము మొదలు మూడు దినములు పట్టును. తెల్లని దవ్వచేవ మాత్రము ఎంతసేపున్నను సరిగా మారదు. ఎఱ్ఱ ఓక్ కంటె తెల్ల ఓక్ మేలు.

డేరా విప్పునపుడు, మేము మొదటిసారి చేసినట్లు కాక, గాలికి ఎదురుగా నిలువక ప్రక్కనుండి ఒక అంచును కఱ్ఱతో లేపి, దూరముగా పోయి గంటసేపు కూర్చుండవలెను. కొయ్యను ఒకటి రెండు దినములు ఆరుబయట నుంచి, వాసన పూర్తిగా పోయినపిదపనే అవిసె నూనెయో చపడా పాలిషో పట్టించవలెను. మిగిలిన ద్రవమును చెరువులోనికిగాని కాలువలోనికిగాని పోయరాదు. కొద్దిపాటి అమోనియా కూడ చేపలను చంపును. పాత్రను మనుష్యసంచారము లేని ఆరుబయట వదలినచో అదియే ఎగిరిపోవును. ఒకవేళ కంటిలో పడినచో నలుపక, పావుగంటకు తక్కువ కాకుండ నీటిధారతో కడిగి వైద్యునివద్దకు పోవలెను. ఊపిరి బిగిసినచో 108కి ఫోను చేయుటకు సంకోచింపరాదు.

ఓక్ లేని యింటివారు మాకేమి ప్రయోజనమని అడుగవచ్చును. వగరు తక్కువగా నుండు కొయ్యకు కరక్కాయ కషాయము పూసి, ఆరనిచ్చి, ఆవిరి పట్టించవచ్చును. కరక్కాయ వగరును ఓక్ వగరును ఒకే తెగకు చెందినవి. ఆవిరి జోలికే పోకుండ నల్లవన్నె తెచ్చు ఉపాయము మన చేతులలో తరతరములుగా నున్నది. శ్రీకాళహస్తి, మచిలీపట్నము కలంకారీ పనివారు తుప్పుపట్టిన యినుమును బెల్లపునీటిలో వారములతరబడి పులియబెట్టి కసిమి చేయుదురు. కరక్కాయ పట్టించిన బట్టపై కసిమి తగిలినంతనే నల్లబడును. అన్నభేదియు కరక్కాయయు కలిపి మన పెద్దలు చేసికొన్న సిరాయు ఇట్టిదే. కరక్కాయ పూసిన కొయ్యపై కసిమి పూసినను అదే నలుపు వచ్చును. ఊపిరికి భయము లేదు. చేతులు మాత్రము నల్లబడును. మాకు ఆవిరి వన్నె కంటె ఇదియే ఎక్కువ నచ్చినదని చెప్పుటకు వెనుదీయము. కాని బల్లకాలికి కావలసినది తేనెరంగు, నలుపు కాదు.

ఆ కాలు రెండవసారి డేరాలో రెండు దినములున్నది. తునకను నాలుగుసార్లు లాగి చూచితిమి. అవిసె నూనె పట్టించి బిగించినపిదప, పగటివెలుతురులో పాతకాళ్ల కంటె ఒక్క వీసమెత్తు లేతగా నున్నది. దీపపు వెలుతురులో మా వడ్రంగి దానిని వెదకి పట్టుకొనుటకు వంగి నాలుగుకాళ్లను తడిమి చూడవలసివచ్చెను. సీసాలో మిగిలిన అమోనియాను ఇంటిలో దాచుటకు మేనమామగారు ఒప్పుకొనలేదు. దానిని కొన్న దుకాణమునకే తిరిగి యిచ్చివేసితిమి.