చెప్పుకుంటే తగ్గే బరువు

(పాపకూర తెలుగు తరగతి పిల్లలతో ఒక ఉపాధ్యాయురాలి ప్రసంగం)



‘పాపకూర’ అనే పేరు వినగానే మన తెలుగువాళ్ళకు నవ్వు వస్తుంది. ఇదేదో కొత్త కూర పేరనుకుంటాం. నిజానికి ఇది మావోరీ మాట. ‘పాప’ అంటే నేల, ‘కుర’ అంటే ఎరుపు. ఎర్రనేల అన్నమాట! ఎర్రమట్టిలో ఆడుకుని పెరిగిన నాకు ఈ అర్థం తెలిసిన రోజున ఈ ఊరు కొంచెం దగ్గరయింది.

అయితే ఈరోజు నేను మీతో మాట్లాడదలచింది నవ్వును గురించి కాదు, ఏడుపును గురించి.

మీలో చాలామందికి తాతయ్యలూ, నాయనమ్మలూ, అమ్మమ్మలూ సముద్రాల అవతల ఉన్నారు. ఏదో ఒక రాత్రి ఫోను మోగుతుంది. అమ్మ ఫోను పట్టుకుని కూలబడిపోతుంది. నాన్న ఒక్కడే విమానమెక్కి వెళతాడు. మర్నాడు మీరు మామూలుగానే సంచీ తగిలించుకుని బడికి వస్తారు. పోయిన మనిషి ఎవరో బడిలో ఎవరికీ తెలియదు. అప్పుడు ఏం చేయాలి?

నేను ఈ దేశానికి వచ్చిన కొత్తలో జరిగిన సంగతి చెబుతాను. బడిలో నా తరగతిలో ఒక తెలుగు పిల్లవాడు ఉండేవాడు. వాళ్ళ నాయనమ్మ పోయిందని కబురు వచ్చింది. వాడు లెక్కల పుస్తకం తెరిచి పేజీ నిండా ఒకే అంకె వేస్తూ కూర్చున్నాడు. నేను దగ్గరికి వెళ్ళి, ఏడవకూడదనీ, ధైర్యంగా ఉండాలనీ ఇంగ్లీషులో చెప్పాను. వాడు ఏడవలేదు. ఆ తరువాత చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు కూడా. ధైర్యం చెప్పాననుకున్నాను. నిజానికి నేను వాడి నోరు మూశాను.

ఆ రోజుల్లోనే నాతో పనిచేసే ఒక మావోరీ ఉపాధ్యాయురాలి ఇంట్లో పెద్దవారు పోయారు. పలకరించడానికి వెళ్ళాను. మావోరీలు ఆ సందర్భాన్ని ‘తంగిహంగ’ అంటారు. ‘తంగి’ అంటే ఏడవడమే. పోయినవారిని మరాయె అనే తమ సమావేశ స్థలానికి తెస్తారు. సాధారణంగా మూడు రోజులపాటు పక్కన ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. వచ్చినవారు పోయినమనిషితోనే నేరుగా మాట్లాడతారు. అందరి ముందూ ఏడుస్తారు, పాడతారు, పాత సంగతులు తలచుకుని నవ్వుతారు. పిల్లలను అవతలికి పంపరు. ఖననం అయ్యాక అందరూ కలిసి భోజనం చేస్తారు. మన ఊళ్ళో పలకరింపులూ, పెద్దకర్మనాటి భోజనాలూ నాకు గుర్తుకు వచ్చాయి. ఎక్కడైనా మనిషి దుఃఖాన్ని నలుగురిలోనే మోస్తున్నాడు. ఆ పిల్లవాణ్ణి నేను ఒంటరిగా మోయమన్నాను.

నాకంటే ముందు ఈ దేశానికి ఇలాంటి పనిమీదనే వచ్చిన ఉపాధ్యాయులు ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1940, 1941 సంవత్సరాలలో, సోవియట్ ప్రభుత్వం తూర్పు పోలండు నుంచి ఎన్నో కుటుంబాలను సైబీరియా వంటి దూరప్రాంతాలకు తరలించింది. ఆకలితో, జబ్బులతో తల్లిదండ్రులు పోగా పిల్లలు మిగిలారు. కొందరు ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నగరం చేరారు. న్యూజిలాండ్ ప్రధాని పీటర్ ఫ్రేజర్ వారికి ఆశ్రయం ఇవ్వడానికి ఒప్పుకున్నారు. దారిలో మన బొంబాయి రేవులో ఓడ మారి, 733 మంది పిల్లలు 1944 నవంబరు 1న వెల్లింగ్టన్‌లో దిగారు. వారితో వచ్చిన సుమారు వందమంది పెద్దలలో ఉపాధ్యాయులూ ఉన్నారు. వారు కూడా ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నవారే.

పహియాతువా అనే ఊరి దగ్గర శిబిరంలో వారికి బడి పెట్టారు. పాఠాలు పోలిష్ భాషలోనే జరిగాయి. శిబిరంలోని దారులకు కూడా పోలిష్ పేర్లే. యుద్ధం ముగిశాక పిల్లలు స్వదేశం వెళతారని అలా ఏర్పాటు చేశారు. కాని యుద్ధం తరువాత పోలండు పరిస్థితి మారిపోయి, చాలామంది ఇక్కడే స్థిరపడ్డారు. శిబిరాన్ని 1949లో మూసివేశారు. ఆ ఉపాధ్యాయులు పిల్లలకు అమ్మను తెచ్చి ఇవ్వలేరు. అమ్మ మాట్లాడిన భాషను మాత్రం వారి నోట నిలిపారు. అదేమీ చిన్న సాయం కాదని నా నమ్మకం.

ఈ కథ తెలిశాక నేను ఆ పిల్లవాడి పక్కన కూర్చుని తెలుగులో అడిగాను: “మీ నాయనమ్మ నిన్ను ఏమని పిలిచేదిరా?”

చాలాసేపటికి, “చిన్నోడా అని” అన్నాడు. అని, భోరుమన్నాడు. నేను ఆపలేదు. తరువాత వాడే చెప్పాడు: నాయనమ్మ జంతికల డబ్బా అటకమీద దాచేదట, వాడు అడిగితే మాత్రం అరగంటకోసారి దించేదట. చెబుతూ చెబుతూ నవ్వాడు. వాడి దుఃఖం పోలేదు. దాన్ని మోసేవాళ్ళం ఇద్దరమయ్యాం, అంతే.

చూశారా పిల్లలూ! ‘చిన్నోడా’ అనే ఆ పిలుపు ఇంగ్లీషులోకి రాదు. పోయినవారు మనల్ని పిలిచిన పిలుపు వారి భాషలోనే ఉంటుంది. మన తెలుగు తరగతి పద్యాలకూ, గుణింతాలకూ మాత్రమే కాదు. ఆ పిలుపును చెప్పుకోవడానికి కూడా.

అందుచేత, మీ స్నేహితుని ఇంట్లో ఎవరైనా పోతే ‘మరచిపో’ అనకండి. పక్కన కూర్చోండి. ఆ మనిషిని గురించి అడగండి. వాడు చెప్పకపోతే ఊరికే కూర్చోండి. దుఃఖం మీదే అయితే దాచుకోకండి. అమ్మ ఏడుస్తున్నదని ఆమె ముందు మాట్లాడడం మానకండి. ఆమె కూడా ఎవరైనా అడిగితే బాగుండుననుకుంటూ ఉండవచ్చు. చాలా రోజులు నిద్రపట్టకపోతే, అన్నం సహించకపోతే, మీ ఉపాధ్యాయులకు చెప్పండి. ఈ దేశంలో 1737 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి మాట్లాడవచ్చు.

వచ్చే తరగతికి ఒక చిన్న పని. మీకు దూరమైనవారినో, దూరాన ఉన్నవారినో ఒకరిని తలచుకుని, వారు మిమ్మల్ని పిలిచే పేరు కాగితంమీద తెలుగులో రాసుకుని రండి. చదవాలనిపిస్తే చదువుదురుగాని. చదవలేకపోతే, మడిచి జేబులో పెట్టుకోండి.