యాత్రికులు చూచిన కొండ ఊళ్లు



ఇటలీ దేశమునకు పోయిన యాత్రికులలో పలువురు రోము, వెనిసు వంటి మహానగరములతో తృప్తి నొందక పల్లెపట్టులకు తరలిపోవుదురు. రోము నుండి ఫ్లోరెన్సునకు పోవు రైలుదారిలో ఓర్వియెటో అను ఊరు కలదు. రైలు దిగినవాడు ఊరిని చూడవలెనన్న తల పైకెత్తవలసినదే. నిట్టనిలువు రాతిగుట్ట, దాని నెత్తిన ఇండ్లు, గుడి శిఖరములు. క్రింద ద్రాక్షతోటలు, ఓలివు చెట్లు. శత్రుభయముచేత పూర్వులు అంత యెత్తునకు ఎక్కిరి. ఎక్కుట సరియే, త్రాగునీటి మాట యేమి?

1527లో అయిదవ చార్లెసు చక్రవర్తి సైన్యములు రోమును దోచుకొనగా, పోపు ఏడవ క్లెమెంటు ఈ ఊర తలదాచుకొనెను. ముట్టడి జరిగినచో నీరు లేక లొంగవలసివచ్చునని తలచి ఒక బావి త్రవ్వ నాజ్ఞాపించెను. 1537 నాటికి పూర్తియైన ఆ బావి లోతు 170 అడుగులకు పైమాట. లోపల రెండు మెట్లదారులు ఒకదానితో నొకటి కలియకుండ గోడవెంట చుట్టుకొని దిగును. ఒక్కొక్క దారికి 248 మెట్లు. ఒక దారిన దిగిన గాడిదలు నీళ్లు మోసికొని రెండవ దారిన పైకి వచ్చెడివి. ఎదురుపడుట లేదు, త్రోపులాట లేదు. తెలంగాణపు దిగుడుబావుల నెరిగినవారికి ఆ పనితనపు విలువ వేరుగ చెప్పనక్కరలేదు. గాడిదలకు అంతటి రాజమార్గము వేసిన ఊరు మరియొకటి కలదో లేదో!

ఆ ప్రాంతముననే చివితా అను చిన్న ఊరు కలదు. దాని పాదము క్రింది మట్టి కరగి జారిపోవుచుండును. కాలినడక వంతెన యొక్కటే త్రోవ. కాపురమున్నవారు బహు కొద్దిమంది, చూడవచ్చువారే మెండు.

ఇంత దూరపు ముచ్చట హాలియాలో ఏలయన్న, ఆ దేశపు సొమ్ము ఈ చేరువకు ఏనాడో వచ్చియున్నది. కృష్ణ యొడ్డున నాగార్జునకొండ లోయలో రోమను బంగారు నాణెములు దొరకినవి. క్రీస్తు తరువాత మూడు, నాలుగు శతాబ్దములలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అచ్చటనే యుండెను. మూడు వైపుల కొండలు, నాలుగవ వైపున కృష్ణ. అంతటి మారుమూలకును యాత్రికులు వచ్చిరి. బోధిశ్రీ అను ఉపాసిక ఒక చిన్న కొండపై సింహళ భిక్షువులకై చైత్యగృహము కట్టించి శాసనము వేయించినది. కాశ్మీరము, గాంధారము, చీనా, వంగము మున్నగు దేశముల పేర్లు ఆ రాతిపై నున్నవి.

తరువాత ఆ లోయను లోకము మరచెను. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అను బడిపంతులు అచ్చటి యొక ప్రాచీన స్తంభమును చూచి మద్రాసు ప్రభుత్వమునకు తెలియజేసెను. అంతకు ముందు పసులకాపరులు దానిని చూడకపోలేదు. వ్రాసి పంపినవాడు పంతులు. పిమ్మట లాంగ్‌హర్‌స్టు మొదలగువారు త్రవ్వకములు జరిపిరి. స్తూపములు, విహారములు బయటపడినవి. నడుమ చదునైన ఆవరణ, నాలుగు ప్రక్కల మెట్లవరుసలు గల యొక క్రీడారంగము కూడ కనబడెను. రోములోని రంగస్థలములను చూచినవారికి అవి తలపునకు రాక మానవు.

1955 డిసెంబరు 10న నెహ్రూ సాగరమునకు శంకుస్థాపన చేసెను. లోయ మునుగుట నిశ్చయము కాగా 1954 నుండి 1960 వరకు త్రవ్వకములు ముమ్మరముగ సాగినవి. కొన్ని కట్టడములను విప్పి కొండపైని, అనుపులోను తిరిగి నిలిపిరి. క్రీడారంగము అనుపు చేరెను. లోయలోని పల్లెవాసులు పొలము, ఇల్లు విడిచి కదలిరి. బోధిశ్రీ పేరు రాతిపై నిలిచినది; వీరి పేర్లు చెక్కినవారెవరు?

ఓర్వియెటోలో మనుష్యులు నీటికై క్రిందికి దిగిరి. ఇచ్చట నీరే ఊరిమీదికి ఎక్కి వచ్చెను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచెను. ఎడమకాలువ క్రింద హాలియా చుట్టుపట్ల మెట్టచేలు మాగాణములైనవి. వానకై ఆకాశము వంక చూచిన రైతు కాలువ వంక చూడ నేర్చెను. ఈ పచ్చదనమునకు విజయపురి చెల్లించిన వెల యిట్టిది.

నేటి యాత్రికుడు లాంచీపై కొండను చేరును. వస్తుప్రదర్శనశాల చూచి, కోటగోడ యొద్ద నిలిచి, రాజధాని యెచ్చట నుండెనని అడుగును. త్రోవ చూపువాడు వ్రేలు చాచి నీటిని చూపును.