పాఠమును, చనువును



1806లో లండనున జన్మించిన జాన్ స్టూవర్టు మిల్లును తండ్రి జేమ్సు మిల్లు బడికి పంపక యింటనే చదివించెను. మూడవయేట గ్రీకు, ఎనిమిదవయేట లాటిను ఆరంభమయ్యెను. తండ్రి వ్రాయు బల్లకడనే కూర్చుండి బాలుడు తెలియని గ్రీకుపదమునెల్ల నడుగగా, ఆయన తన భారతదేశ చరిత్రరచనను ఆపి అర్థము చెప్పెడివాడు. ఉదయమున షికారు పోవుచు, ముందునాటి చదువును కుమారునిచే చెప్పించుకొనెడివాడు. అట్టి గురువు దొరకుట అరుదు.

అయినను 1826లో, ఇరువదియవయేట, ఆ యువకుడు తీరని విషాదమున మునిగి, ఆ సంగతి తండ్రితో చెప్పుకొనజాలకపోయెను. గౌరవము కలదు, భయము కలదు, చనువు లేదు. 1873లో వెలువడిన స్వీయచరిత్రమున మిల్లే దీనిని వ్రాసికొనెను.

బిడ్డ పాఠము నొప్పచెప్పిన చాలదు. తప్పు చేసినను, దుఃఖము కలిగినను, మొదట ఇంటనే చెప్పుకొనగల ధైర్యమును గూడ తలిదండ్రులే నేర్పవలయును. ఆ పాఠమునకు పుస్తకము లేదు. బిడ్డ చెప్పునపుడు కోపింపక వినుటయే దాని ఓనమాలు.