యాజమాన్య కళాశాల – మన పాల సంఘం
(సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఇన్‌స్పెక్టరుగా ఎరిగినవారు రిజిస్టర్ల గురించే మాట్లాడతానని అనుకొని ఉంటారు. ఈరోజు ఒక కళాశాల గురించి మాట్లాడదలచాను. గేదెకూ కాలేజీకీ ఏం సంబంధమని మీరు అడగవచ్చు. సంబంధం ఉంది. మన సంఘంలో ఈనాడు పుస్తకాలు రాస్తున్న కార్యదర్శి తరువాత ఆ కలం ఎవరు పట్టుకుంటారన్న ప్రశ్నలోనే ఆ సంబంధం ఉంది.

ముందుగా ఆనంద్ చరిత్రను కొంచెం గుర్తుచేసుకుందాం. గుజరాత్‌లోని ఖేడా జిల్లా రైతులు దళారుల చేతిలో నలిగిపోయి, 1946లో పాలు పోయడం మానివేసి సమ్మె చేశారు. ఆ సంవత్సరమే డిసెంబరు 14న వారి జిల్లా యూనియన్ రిజిస్టరు అయింది. దానికి అధ్యక్షులు త్రిభువన్‌దాస్ పటేల్‌గారు. ఆయన ఊరూరా తిరిగి సంఘాలు పెట్టించారు. అయితే సంఘం పెట్టినంత మాత్రాన పాలు చెడిపోకుండా ఉంటాయా? యంత్రాలు నడిపేవాడు కావాలి, బొంబాయి మార్కెట్టులో బేరం చేసేవాడు కావాలి, లెక్క చెప్పేవాడు కావాలి. అమెరికాలో ఇంజనీరింగు చదివి 1949లో ఆనంద్ చేరిన వర్గీస్ కురియన్‌గారిని త్రిభువన్‌దాస్‌గారు తమ యూనియన్ పనికి నిలుపుకున్నారు. రైతు యజమాని, చదువుకున్నవాడు ఆ యజమాని దగ్గర ఉద్యోగి. ఆనంద్ పద్ధతికి అసలు మూలం ఇదే. మూడంచెల నిర్మాణం, డబ్బా పాలు, వెన్న పొట్లాలు అన్నీ దాని తరువాతనే.

1965లో జాతీయ పాడి అభివృద్ధి మండలి ఏర్పడింది. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలైంది. రాష్ట్రాలలో సంఘాలు వేలకొద్దీ పెరిగాయి. అప్పుడు పెద్ద చిక్కు వచ్చింది. సంఘాలకూ యూనియన్లకూ శిక్షణ పొందిన మేనేజర్లు కావాలి. పెద్ద పెద్ద యాజమాన్య సంస్థలలో చదివినవారు కంపెనీల వైపు చూశారు గాని పల్లె వైపు చూడలేదు. అది వారి తప్పని నేను అనను. సబ్బులు, సిగరెట్లు అమ్మే విద్య నేర్పిన చోట, పాలు పోసే మనిషి కష్టం ఎవరు నేర్పారు గనుక?

అందుకే 1979లో కురియన్‌గారు ఆనంద్‌లోనే గ్రామీణ యాజమాన్య సంస్థను స్థాపించారు. పొడి అక్షరాలతో దానిని ఇర్మా అంటారు. ఏ డిగ్రీ చదివినవారైనా ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ దాటి అందులో చేరవచ్చు. చదువు రెండు సంవత్సరాలు. జమాఖర్చులు, మార్కెటింగు, సిబ్బంది నిర్వహణ వంటి పాఠాలు ఇతర కళాశాలలలో లాగే ఉంటాయి. తేడా ఎక్కడంటే, విద్యార్థులు చిన్న చిన్న బృందాలుగా ఏదో ఒక పల్లెకు వెళ్ళి కొన్ని వారాలపాటు అక్కడే ఉండాలి. ఊరివారి మధ్యనే మకాం. ఎవరికి భూమి ఉంది, ఎవరికి లేదు, నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి, అప్పు ఎవరిస్తారు, పశువులకు మేత ఎలా దొరుకుతుంది అని తెలుసుకొని నివేదిక రాయాలి. అది కూడా చదువులో భాగమే.

ఈ పల్లెవాసం వలన విద్యార్థికి ఏమి లాభం, ఊరికి ఏమి లాభం? ఒక చిన్న లెక్క చెబుతాను. మీ దగ్గర కాగితం ఉంటే వేసి చూడండి.

ఒక సభ్యురాలు పూటకు 4 కిలోల గేదె పాలు పోస్తుందనుకుందాం. పాలలోని కిలో వెన్నకు 800 రూపాయలు ధర అనుకుందాం. టెస్టింగు సరిగా జరగక వెన్న శాతం ఒక్క పాయింటు, అంటే 6.0కు బదులు 5.9 అని పడింది. పూటకు 4 గ్రాముల వెన్న తగ్గింది. దాని వెల 3 రూపాయల 20 పైసలు. రెండు పూటలకు 6 రూపాయల 40 పైసలు. ముప్పై రోజులకు 192 రూపాయలు. అలాంటి సభ్యులు 100 మంది ఉన్న సంఘంలో నెలకు 19,200 రూపాయలు.

తరగతి గదిలో కూర్చున్న విద్యార్థికి 5.9 అన్నది ఒక అంకె మాత్రమే. చీకటితో లేచి దాణా కలిపి, పాలు పితికి, కేంద్రం ముందు వరుసలో నిలుచున్న అమ్మ పక్కన నిలబడినప్పుడు ఆ పాయింటు విలువ అతనికి తెలుస్తుంది. ఆమె రేపు ప్రైవేటు వాడి క్యానులో ఎందుకు పోస్తుందో కూడా తెలుస్తుంది. యంత్రం సరిచూడడం, శాంపిలు బాగా కలిపి తీయడం, చీటీ చేతికివ్వడం యాజమాన్య శాస్త్రంలో చిన్న విషయాలు కావని అతనికి అక్కడే బోధపడుతుంది. ఊరికి వచ్చే లాభం కూడా అక్కడే ఉంది. మనకు అలవాటైపోయి కనిపించని లోపాన్ని కొత్త కన్ను చూస్తుంది. సభ్యత్వ రిజిస్టరులో ఉండి పాలు పోయనివారు ఎందరు, సర్వసభ్య సమావేశంలో నోరు విప్పని ఆడవారు ఎందరు అని ఒక కుర్రవాడో అమ్మాయో అడిగితే, మనం జవాబు వెతుక్కోవలసి వస్తుంది. ఆ వెతుకులాటే సంఘానికి మందు.

ఇక కొత్త సంగతి. 2025లో పార్లమెంటు చేసిన చట్టంతో ఇర్మా త్రిభువన్ సహకారీ విశ్వవిద్యాలయంగా మారింది. ఆ విశ్వవిద్యాలయంలో ఇర్మా తన పేరుతోనే ఒక విభాగంగా కొనసాగుతుంది. 2025 జూలై 5న ఆనంద్‌లో విశ్వవిద్యాలయ భవనాలకు శంకుస్థాపన జరిగింది. ఒక పాల సంఘం నాయకుని పేరు విశ్వవిద్యాలయానికి పెట్టడం మనందరికీ గౌరవమే. డిగ్రీ చదువులతోపాటు సహకార సంఘాల సిబ్బందికి శిక్షణ ఇవ్వడం, దూరవిద్య నడపడం, ఇతర సహకార శిక్షణ సంస్థలను కలుపుకుపోవడం దాని ఉద్దేశాలు.

ఇంతవరకూ మంచి మాటలు చెప్పాను. భయపడవలసిన సంగతులు కూడా చెప్పకపోతే మీకు అన్యాయం చేసినవాడినవుతాను. ఇర్మాలో చదివినవారందరూ సంఘాలలోనే ఉండిపోలేదు. బ్యాంకులకు, ప్రైవేటు కంపెనీలకు వెళ్ళినవారూ ఉన్నారు. పిల్లవాడికి చదువు అప్పు ఉంటుంది, ఇంట్లో బాధ్యతలు ఉంటాయి. మనం ఇచ్చే జీతమూ మర్యాదా రెండూ తక్కువైతే అతను ఏ మొహం పెట్టుకొని నిలబడతాడు? పెద్ద చదువు చదివినవాడిని కుర్చీ వేయకుండా నిలబెట్టి, ప్రతి చిన్న పనికీ పెత్తనం చేసే పాలకవర్గాలను నేను చూశాను. చదువుకున్నవాడే పాలకవర్గాన్ని లెక్కచేయని చోట్లూ చూశాను. రెండూ సంఘానికి చేటే. నిర్ణయం సభ్యులది, నిర్వహణ మేనేజరుది. ఈ గట్టు తెగకూడదు.

రెండో భయం భాషది. విశ్వవిద్యాలయం పాఠాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఆగిపోతే మన కార్యదర్శికి అందవు. సహకార డిప్లొమా చదివిన రోజుల నుంచి నాకు తెలిసిన సత్యం ఒకటుంది. నగదు పుస్తకం అర్థం కావడానికి పెద్ద తెలివి అక్కరలేదు, అర్థమయ్యే మాటలో చెప్పేవాడు కావాలి. శిక్షణ తెలుగులో కావాలని మన ఫెడరేషను ద్వారా, మన యూనియన్ల ద్వారా గట్టిగా అడగవలసిన బాధ్యత మనదే.

కళాశాల ఉంటేనే సంఘం నడుస్తుందని కూడా ఎవరూ పొరపడవద్దు. ములుకనూరు సంగతి మీకు తెలుసు. 1956లో అక్కడ సహకార గ్రామీణ బ్యాంకు పుట్టింది. 2000లో ఆ చుట్టుపక్కల గ్రామాల మహిళలు తమ సొంత పాడి సహకార సంఘాన్ని నడపడం మొదలుపెట్టారు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం క్రింద, ప్రభుత్వ వాటాధనం లేకుండా, సభ్యుల డబ్బుతో, సభ్యుల మాటతో నిలబడ్డ సంస్థ అది. అలాంటి చోటికి వెళ్ళిన విద్యార్థి నేర్పడానికి కాదు, ముందు నేర్చుకోవడానికి వెళ్ళాలి. మంచి కళాశాల విద్యార్థికి ఆ వినయం నేర్పుతుంది. పల్లె మంచి సంఘాన్ని చూపిస్తే కళాశాల మంచి పాఠం తయారుచేస్తుంది. ఇచ్చి పుచ్చుకోవడం అంటే ఇదే.

కాబట్టి మీరు ఊళ్ళకు వెళ్ళాక చేయవలసిన పనులు నాలుగు చెప్పి ముగిస్తాను.

మొదటిది, విద్యార్థులు మీ సంఘానికి వస్తే టీ ఇచ్చి పంపివేయకండి. సభ్యుల ఖాతాలు, రోజువారీ సేకరణ రిజిస్టరు, నగదు పుస్తకం చూపించండి. దాచిపెట్టవలసినది ఉంటే అది విద్యార్థి దగ్గర కాదు, సర్వసభ్య సమావేశంలో తేలవలసిన విషయం.

రెండవది, వారు రాసిన నివేదిక ప్రతి ఒకటి సంఘానికి ఇవ్వాలని ముందే మాట తీసుకోండి. దానిని తెలుగులో సభ్యుల ఎదుట చదివించండి. ఊరి సంగతి ఊరికి తెలియకుండా ఎక్కడో బీరువాలో పడి ఉండకూడదు.

మూడవది, మీ ఊళ్ళో డిగ్రీ పూర్తిచేసిన పిల్లలను గమనించండి. అమ్మాయిలను మరవకండి. ఇలాంటి చదువు ఒకటి ఉందని, దానికి ప్రవేశ పరీక్ష ఉందని వారికి చెప్పండి. పాడి రైతు బిడ్డ గ్రామీణ యాజమాన్యం చదివితే సగం పాఠం ఇంట్లోనే నేర్చుకొని వెళ్ళినట్టు. సంఘం విద్యా నిధిలో నుంచి దరఖాస్తు రుసుముకో ప్రయాణానికో ఉపనియమాలు ఒప్పుకున్నంతలో సాయం చేయవచ్చునేమో పాలకవర్గంలో చర్చించండి.

నాలుగవది అన్నిటికంటే ముఖ్యం. ఈ ఏడాదే మీ కార్యదర్శి పక్కన ఒక యువకుడినో యువతినో కూర్చోబెట్టి పుస్తకాలు రాయడం నేర్పించండి. ఆనంద్ చాలా దూరం. విశ్వవిద్యాలయం పట్టా చేతికి రావడానికి కాలం పడుతుంది. రేపు ఉదయం ఆరు గంటలకు మీ కేంద్రం ముందు వరుస నిలబడుతుంది. ఆ వరుసకు లెక్క చెప్పే మనిషి లేని రోజు వస్తే, ఏ కళాశాలా వచ్చి ఆ తలుపు తెరవదు.

 సందేహాలుంటే భోజనాల తరువాత అడగండి, నాకు తెలిసినంతవరకు చెబుతాను.